ప్రతి చప్పుడూ రఫేల్ కాదు బాబాయ్!

(ఆకాశం ఉరిమితే చాలు వాట్సాప్‌లో యుద్ధం మొదలుపెట్టే ఓ పెద్దమనిషికి బహిరంగ లేఖ)

బాబాయ్,

ఈ ఉత్తరం నీకు వాట్సాప్‌లోనే పంపొచ్చు. కానీ చదవకుండానే ఇంకో పది గ్రూపుల్లోకి తోసేస్తావని పత్రికకు రాస్తున్నాను. నీ పేరు రాయడం లేదు. అక్కర్లేదు కూడా. మేదరమెట్ల నుంచి చిలకలూరిపేట దాకా, ఇటు చీరాల, బాపట్ల దాకా ఏ ఊరు తీసుకున్నా నీలాంటి బాబాయ్ ఒకడున్నాడు. పైన ఏదైనా మోగితే తల ఎత్తకముందే ఫోను ఎత్తుతాడు. "బ్రేకింగ్! మన ఊరి మీద రఫేల్! అందరికీ షేర్ చేయండి!" అని కొట్టి, ఆ తర్వాత తీరిగ్గా ఆకాశం వైపు చూస్తాడు. అప్పటికి అక్కడ ఏమీ ఉండదు.

నా విమానాల పిచ్చి నీకు తెలిసిందే. చిన్నప్పుడు పత్తి తీస్తుండగా గాలిమోటారు వినబడితే, ఒళ్ళో పత్తి సాలులో పోసేసి గట్టు మీదకు పరిగెత్తేవాణ్ణి. అమ్మ తిట్టేది. ఆ పిచ్చి ఇప్పటికీ దిగలేదు. అందుకే నీ మెసేజ్‌లు మిగతావాళ్ళకు కాలక్షేపమైతే నాకు ఒళ్ళు మంట.

నీ లెక్కలో విమానాలు రెండే రకాలు. గట్టిగా మోగితే రఫేల్, నెమ్మదిగా పోతే శత్రువుల డ్రోన్. గుంటూరు యార్డులో ఏళ్ళ తరబడి కమీషన్ వ్యాపారం చేసినవాడివి నువ్వు. టిక్కీలోంచి నాలుగు కాయలు అరచేతిలో వేసుకుని, తొడిమ తుంచి, ఇది తేజ, ఇది 341, ఇందులో తాలు కలిసింది, ఇది నీళ్ళు కొట్టిన సరుకు అని ఇట్టే చెబుతావు. మచ్చు చూడకుండా ధర కట్టమంటే నీకు ఎక్కడలేని కోపం. మరి ఆకాశంలో పోయే సరుకుకు మచ్చు అక్కర్లేదా?

చూడ్డం పెద్ద విద్యేం కాదు బాబాయ్. వెనక నిలువుగా రెండు తోకలు, రెండు ఇంజన్లు ఉండి, పెద్దగా కనిపిస్తే సుఖోయ్-30. రఫేల్‌కు ఇంజన్లు రెండే అయినా తోక ఒక్కటే, రెక్క త్రికోణంగా ఉంటుంది. ఒకే ఇంజను, ఒకే తోక, త్రికోణపు రెక్కతో చిన్నగా ఉంటే అది తేజస్ కావచ్చు. 2001 జనవరి 4న మొదటిసారి ఎగిరిన ఆ విమానం రూపకల్పనకు నాయకత్వం వహించింది బరంపురం తెలుగువాడు కోట హరినారాయణ. సన్నగా, ముందొకరు వెనకొకరు కూర్చునేది హాక్, పైలట్లకు శిక్షణ ఇచ్చేది. రెక్క వీపు మీద మోసుకుని, ఆ రెక్క మీద ఇంకా ఎత్తుగా రెండు ప్రొపెల్లర్ ఇంజన్లు పెట్టుకుని వచ్చేది ఏఎన్-32, సామాన్లూ సైనికులూ మోసే బండి. ఈ నాలుగు ముక్కలు తెలిస్తే నీ మెసేజ్‌లు సగం ఆగిపోతాయి.

ఒక చిట్కా కూడా చెబుతాను. ఫైటర్ చప్పుడు ఫైటర్ కంటే వెనకబడి వస్తుంది. మోత వచ్చిన వైపు చూసేవాడికి ఖాళీ ఆకాశమే దొరుకుతుంది. మోతకు ముందు వైపు చూడాలి.

ఇక అసలు ఫిర్యాదు. 2022 డిసెంబర్ 29న మన 16వ నంబరు జాతీయ రహదారి మీద, కొరిశపాడు, రేణింగవరం మధ్య వేసిన అత్యవసర రన్‌వే దగ్గర వైమానిక దళం మొదటి ట్రయల్ చేసింది. లారీలూ బస్సులూ పక్కకు మళ్ళించారు. చుట్టుపక్కల ఊళ్ళన్నీ శనగ చేల గట్ల మీదే ఉన్నాయి. విమానాలు కిందికి దిగాయి, రోడ్డు మీదుగా సాగాయి, చక్రాలు ఆనించకుండా మళ్ళీ లేచిపోయాయి. సాయంత్రానికల్లా నీ మెసేజ్: "ల్యాండింగ్ ఫెయిల్! రోడ్డు నాసిరకం! వందల కోట్లు వృథా!"

అది ఫెయిల్ కాదు బాబాయ్. దాన్ని ఓవర్‌షూట్ అంటారు. దిగబోయే దారిని సరిచూసుకుని, రోడ్డుకు వరుస కలిపి, ఎత్తు తగ్గించుకుంటూ వచ్చి, చివర్లో ఇంజన్లకు బలమిచ్చి లేచిపోవడం. కావాలని చేసేదే. యుద్ధం వస్తే శత్రువు ముందు కొట్టేది రన్‌వేలనే. అప్పుడు విమానాలకు దిగే చోటు ఉండాలి. తుపానుల్లో సాయం తెచ్చే విమానాలకూ అదే చోటు పనికొస్తుంది. దివిసీమ ఉప్పెన చూసిన కోస్తాకు ఆ అవసరం విడమరిచి చెప్పాలా? అలాంటి రోడ్డు మీదకు తొలిసారి వచ్చే పైలట్ ముందు గాలిలోంచి దారి చూసుకుంటాడు. మనం అల్లుడి ఊరికి మొదటిసారి పోయినా అంతే కదా.

2024 మార్చి 18న మళ్ళీ వచ్చారు. మిరప కోతల కాలం. కల్లాల్లో కాయలు ఎర్రగా పరుచుకుని ఉన్నాయి, తాలు ఏరే ఆడవాళ్ళు కొంగు నెత్తిన వేసుకుని చూస్తున్నారు. ఆ రోజు సుఖోయ్‌లు, హాక్‌లు ఓవర్‌షూట్‌లు చేశాయి. ఏఎన్-32, చిన్న రవాణా విమానమైన డార్నియర్ మాత్రం నిజంగానే దిగి, మళ్ళీ ఎగిరాయి. ఆ కాంక్రీటు పట్టీ పొడవు 4.1 కిలోమీటర్లు, వెడల్పు 33 మీటర్లు. ఏఎన్-32 రెక్క ఈ చివర నుంచి ఆ చివరకు 29.2 మీటర్లు. అంటే రోడ్డు నడిమధ్యన దిగినా రెక్క చివర దాటాక ఒక్కో వైపు రెండు మీటర్లు కూడా మిగలదు. నీ ట్రాక్టర్ ట్రక్కును కల్లం దొడ్డి గేటులోంచి వెనక్కి తోలడానికి ఇద్దరు మనుషులు చేతులూపాలి. ఆ పైలట్ గాలిలోంచి వచ్చి ఆ పట్టీ మధ్యలో దించాడు. దాని కింద నువ్వు రాసిన మాట: "ఫైటర్ అంటే ఇదా? డొక్కు విమానం."

ఆ డొక్కు విమానం సంగతి విను. 1980ల నుంచి మన దళంలో బరువులు మోస్తున్న రకం అది. 2016 జూలై 22న చెన్నై దగ్గరి తాంబరం నుంచి పోర్ట్ బ్లెయిర్ బయల్దేరిన ఒక ఏఎన్-32 బంగాళాఖాతం మీద మాయమైంది. అందులో 29 మంది. వాళ్ళలో ఎనిమిది మంది విశాఖపట్నం నావల్ ఆర్మమెంట్ డిపో ఉద్యోగులు, యూనిఫాం లేని మామూలు పనివాళ్ళు. దాని శిథిలాలు సముద్రం అడుగున, చెన్నై తీరానికి 140 నాటికల్ మైళ్ళ దూరంలో, దాదాపు 3,400 మీటర్ల లోతున దొరికినట్టు ప్రభుత్వం ప్రకటించింది 2024 జనవరిలో. ఏడున్నరేళ్ళ తర్వాత. ఆ ప్రకటన వచ్చిన రెండు నెలలకు అదే రకం విమానం మన మిరప చేల పక్కన దిగింది. గట్టు మీద ఉన్నవాళ్ళం చప్పట్లు కొట్టాం. ఆ చప్పట్లలో ఆ 29 మందికీ కాస్త వాటా ఉందనుకున్నాను.

నా కోపమల్లా ఇక్కడే బాబాయ్. ప్రతి విమానానికీ ఒక పేరుంది, ఒక తేదీ ఉంది, దాన్ని నడిపిన మనుషులున్నారు. నువ్వు వాటన్నిటినీ చెరిపేసి "రఫేల్" అని ఒకే ముద్ర కొడుతున్నావు.

హైదరాబాద్ బేగంపేట విమాన ప్రదర్శనలకు నాతో రమ్మంటే రాలేదు. ఎండలో, కిరోసిన్ వాసనలో, మెడలు నొప్పెట్టేలా పైకి చూస్తూ నిలబడితే, ఒంటి మీద నెమలి బొమ్మ వేసుకున్న ధ్రువ్ హెలికాప్టర్లు ఒకదానికొకటి ఎదురుగా దూసుకొచ్చి తప్పుకునేవి. సారంగ్ బృందం అది. ఆ క్షణంలో పక్కన నిలబడ్డ ముక్కూమొహం తెలియనివాడి భుజం పట్టుకుంటాం. ఆ సంబరం వీడియోలు నువ్వెప్పుడూ పంపలేదు. పంపింది ఒక్కటే, "నిన్న హైదరాబాద్‌లో ఘోరం" అన్న వీడియో. అది నిన్నటిది కాదు. 2010 మార్చి 3న ఇండియా ఏవియేషన్ ప్రదర్శనలో నౌకాదళం వారి సాగర్ పవన్ బృందం కిరణ్ జెట్లతో విన్యాసాలు చేస్తుండగా ఒకటి బోయినపల్లిలో ఇళ్ళ మధ్య కూలింది. కమాండర్ సురేశ్ మౌర్య, లెఫ్టినెంట్ కమాండర్ రాహుల్ నాయర్ చనిపోయారు. వాళ్ళ చావుకు కొత్త తేదీ వేసే హక్కు నీకెవరిచ్చారు?

విశాఖ ఆర్.కె. బీచ్‌లో నిలబెట్టిన టీయూ-142 ముందు మీ కుటుంబం ఫొటో దిగింది. కింద "పాత ఇనుము దగ్గర మేము" అని రాశావు. నాలుగు ఇంజన్లు, ఒక్కోదానికి ఎదురెదురుగా తిరిగే రెండేసి ప్రొపెల్లర్లు, 1988 నుంచి 2017 దాకా సముద్రం మీద ఈ రకం విమానాల కాపలా, అన్నీ కలిపి 30,000 గంటలు ఒక్క ప్రమాదం లేకుండా. 2017 డిసెంబర్ 7న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ బీచ్‌లోని ఆ విమానాన్ని మ్యూజియంగా ప్రారంభించారు. టిక్కెట్టు కొని లోపలికి వెళ్ళావు కూడా. ఆ ఇరుకులో గంటల తరబడి కూర్చుని, నీళ్ళ కింద జలాంతర్గాముల కోసం వెతికినవాళ్ళు ఎక్కడ కూర్చునేవాళ్ళో ఒక్క నిమిషం ఆగి చూడాల్సింది.

2025 మే నెలలో అయితే హద్దు దాటావు. ఆపరేషన్ సిందూర్ రోజులవి. "మన రఫేల్ కూలింది" అని మంటల ఫొటో ఒకటి పంపావు. నువ్వే కాదు, దేశమంతా పంపింది. అది 2021 మేలో పంజాబ్‌లోని మోగా జిల్లాలో కూలిన మిగ్-21 ఫొటో అని పీఐబీ ఫ్యాక్ట్ చెక్ చెప్పింది. ఆ ప్రమాదంలో స్క్వాడ్రన్ లీడర్ అభినవ్ చౌదరి ప్రాణాలు కోల్పోయాడు. అబద్ధానికి నువ్వు వాడుకున్నది అతని చితి. ఆ మిగ్-21 రకానికి 2025 సెప్టెంబర్ 26న చండీగఢ్‌లో వీడ్కోలు చెప్పారు. 1963లో చేరి అరవై రెండేళ్ళు కొలువు చేసిన విమానం. ఆ రోజు నీ గ్రూపులో దాని ఊసే లేదు. కూలితే వార్త, కొలువు ముగిస్తే కాదు.

పుకారు ఎంత పని చేస్తుందో ఈ తీరానికి తెలియంది కాదు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీదా కాకినాడ మీదా నిజంగానే బాంబులు వేశాయి. ఆ వారమే జపాన్ దండెత్తి వస్తోందన్న మాటతో మద్రాసు నుంచి జనం మూటాముల్లె సర్దుకుని రైళ్ళెక్కారు, ప్రభుత్వ కార్యాలయాలే లోపలి ఊళ్ళకు తరలాయి. వస్తుందనుకున్న దండయాత్ర రానే లేదు. ఆ యుద్ధకాలపు గుర్తుగా మనకు దొనకొండ ఎయిర్‌స్ట్రిప్ మిగిలింది. అప్పుడు సెల్‌ఫోన్లు లేకుండానే అంత జరిగింది. ఇప్పుడు నీ చేతిలో ఫోను ఉంది.

బాపట్ల వైపు ఏదైనా పేలినట్టు వినబడితే గాభరా పడకు. సూర్యలంకలో వైమానిక దళ కేంద్రం ఉంది, అక్కడ క్షిపణులను ప్రయోగించి చూస్తారు. 2023 డిసెంబర్‌లో అస్త్రశక్తి విన్యాసాల్లో ఒకే ఆకాశ్ యూనిట్ నాలుగు లక్ష్యాలను ఒకేసారి కొట్టింది అక్కడే. యుద్ధం జరిగే రోజుల్లో మాత్రం నిజంగా ఏం కనిపించినా ఎక్కడ, ఎటు అని పంపకు. బలగాల కదలికలను ప్రత్యక్షంగా చూపొద్దని రక్షణ శాఖ 2025 మే 9న చెప్పింది చానళ్ళకే కాదు, వ్యక్తులకు కూడా.

నేను అడిగేది మూడే మాటలు. చూడకముందు పంపకు. చూసినా తేదీ తెలియని ఫొటో పంపకు. పోయినవాళ్ళు ఉన్న ఫొటో అయితే వాళ్ళ పేరు తెలుసుకోకుండా అసలు పంపకు. ఈ మూడూ పాటిస్తే నీ గ్రూపులో సగం మెసేజ్‌లు తగ్గుతాయి, మిగిలిన సగాన్ని జనం నమ్ముతారు.

ఈసారి కొరిశపాడు దగ్గర రోడ్డు మూశారంటే నీకు కబురు చేస్తాను. ఫోను ఇంట్లో పెట్టి, టోపీ పెట్టుకుని రా. ఏది సుఖోయో, ఏది హాకో, గట్టు మీద నిలబడి చూపిస్తాను. చూశాక ఏం రాసుకుంటావో నీ ఇష్టం.

ఇట్లు,
నీ గ్రూపులోంచి ఇంకా బయటకు రాని
ఓ విమానాల పిచ్చోడు