సెట్ ధాతు సంజీవని

అవతారిక: కాళిదాసు కావ్యాలకు సంజీవని రాసిన మల్లినాథ సూరిది మన మెదక్ పక్కన కొల్చారం. మూలంలో లేనిది రాయను, అక్కర్లేనిది చెప్పను అని ఆయన నియమం. ఈ వ్యాఖ్యాత మొదటిది పాటిస్తాడు. రెండోదానికి పూచీ లేదు.

మూలం: తాండూరులో బండలు కొని వికారాబాద్‌కు మళ్లిన ఒక గృహస్థు, ప్యాసింజర్ రైల్లో, బోగీ అంతా వినేటట్టు ఫోన్లో పలికినది.

"బేరం సెట్టయింది, బండలు సెట్ చేస్కున్నం, గీ మేస్త్రీ ఒక్కడే సెట్టయితలేడు."

ప్రతిపదార్థం: బేరం = చదరపుటడుగు ధర; సెట్టయింది = కుదిరినది; బండలు = తాండూరు నాపరాళ్లు (నీలివో పసుపువో మూలమున లేదు, కనుక చెప్పరాదు); సెట్ చేస్కున్నం = లారీకి ఎక్కించు ఏర్పాటు చేసుకొంటిమి; గీ = ఈ, విసుగును తెలుపును; మేస్త్రీ = గృహనిర్మాణమందు సర్వాధికారి; ఒక్కడే = తక్కినవన్నియు సరిగానుండగా; సెట్టయితలేడు = వశము కాకున్నాడు. అడ్వాన్సు ముట్టినది కనుక, అని ధ్వని.

తాత్పర్యం: ఇల్లు ఈ ఏడు పూర్తికాదు.

విశేషాలు: ఒకే పదం మూడుసార్లు వచ్చింది. అర్థం ఒకటే, తాత్పర్యమే వేరు అంటే లాటానుప్రాసం. అర్థాలే వేరు అంటే యమకం. పండితులు తేల్చుకోవాలి. చిన్నయ సూరి చెప్పిన తత్సమ, తద్భవ, దేశ్య, గ్రామ్యాల్లో ఈ మాటకు ఎక్కడా సీటు దొరకలేదు. అయినా 'అగు', 'చేయు'ల భుజాల మీద చేతులేసి నిలబడే ప్రయాణం చేస్తున్నది.

ఆక్షేపణ: 'కుదురు' ఉండగా ఇదెందుకు? సమాధానం: సంబంధం కుదిర్చిండు అంటే పెద్దమనిషి. సెట్ చేసిండు అంటే కమీషన్ ముట్టినట్టు. ఈ సూక్ష్మం నిఘంటువుల్లో దొరకదు.

1989 నాటి ఆక్స్‌ఫర్డ్ మహానిఘంటువు రెండో కూర్పులో అన్నిటికంటే పొడవైన ఆరోపం ఈ పదానిదే. అందులో సూర్యాస్తమయం కూడా ఉంది. మనవాళ్లు దాన్ని ముట్టుకోలేదు. అనంతగిరి గుట్ట మీద నిలబడి "సూర్యుడు సెట్టయిండు" అంటే, ఇంతసేపూ ఏం చెడిపోయిందని అడుగుతారు. అక్కడ పొద్దు గూకుతుంది, అంతే. ఇక ఎప్‌సెట్‌లో ఉన్నది క్రియ కానేకాదు, కామన్ ఎంట్రెన్స్ టెస్ట్. అందులో ర్యాంకు వస్తే "లైఫ్ సెట్" అంటారు. ఆ సెట్ మాత్రం మనదే.

అసలు శాస్త్రార్థం తాండూరులోనే ఉంది. అక్కడ పలకలుగా లేచే సున్నపురాయి బండ అవుతుంది, కొలిమిలో పడ్డ సున్నపురాయి సిమెంటు అవుతుంది. సాదా పోర్ట్‌లాండ్ సిమెంటు నీళ్లు కలిపిన 30 నిమిషాలలోపు బిగుసుకోవడం మొదలుపెట్టకూడదు, 600 నిమిషాలు దాటకుండా ఆ పని ముగించాలి అని భారత ప్రమాణం. ముందే బిగుసుకుంటే మేస్త్రీ తాపీ ఆడదు. అందుకే క్లింకరుతో పాటు జిప్సం కలిపి నూరుతారు. సిమెంటు సెట్ కావడం వేరు, గట్టిపడడం వేరు. బిగుసుకున్న తర్వాత కూడా రోజుల తరబడి బలం పుంజుకుంటూనే ఉంటుంది. పెళ్లి సంబంధాలకూ ఈ రెండు గడువులే వర్తిస్తాయని కొందరు వ్యాఖ్యాతలు అంటారు. నిశ్చితార్థం మొదటి గడువు, లగ్నం రెండోది, మధ్యలో జిప్సం మేనమామ.

పాఠాంతరం: "మామ్లా సెట్ హోగయా" అని ఉర్దూ పాఠం. తాండూరు కర్ణాటక సరిహద్దు ఊరు కనుక కన్నడ పాఠం కూడా ఉండే తీరాలి. అది వినిపించేలోపు వికారాబాద్ స్టేషన్ వచ్చింది, గృహస్థు దిగిపోయాడు.

ఫలశ్రుతి: ఈ వ్యాఖ్య చదివినవారికి మేస్త్రీ దొరుకుతాడని హామీ లేదు. దొరికి, స్లాబు పోస్తే మాత్రం కనీసం వారం రోజులు తడి ఆరనివ్వకండి. ఎండాకాలమైతే పది రోజులు.