గీత పైకి జరపండి, కొరత దానంతటదే తీరుతుంది

దేశంలో ఇళ్ల కొరత గురించి బిల్డర్లు పడే బాధలో ఇల్లు లేనివాళ్లు పావు వంతు కూడా పడరు. వాళ్లకు పొద్దుగూకేసరికి ఎక్కడో ఒకచోట తలదాచుకునే పని ఉంటుంది, తీరికెక్కడిది? బిల్డర్లకైతే సదస్సు పెట్టుకోవడానికి ఏసీ హాలుంది, మైకుంది, మధ్యాహ్నం బఫే ఉంది. బడ్జెట్ దగ్గర పడేకొద్దీ ఆ బాధ మరీ ముదురుతుంది.

2012లో కేంద్రం వేసిన నిపుణుల బృందం పట్టణాల్లో 1.88 కోట్ల ఇళ్లు తక్కువని తేల్చింది. అందులో 95 శాతానికి పైగా బలహీన, అల్పాదాయ వర్గాలకు కావలసినవే. అంతకు ముందు ఏడాది జనాభా లెక్కలవాళ్లకు అవే పట్టణాల్లో కోటీ పది లక్షల ఖాళీ ఇళ్లు కనిపించాయి. ఇల్లు లేని జనం ఓ పక్క, జనం లేని ఇళ్లు ఓ పక్క. వ్యాపారికి దీన్నిబట్టి తట్టేది ఒక్కటే: ఇంకా కట్టాలి, రాయితీలివ్వండి!

భూమి ధర మండిపోతోందన్నది వాళ్ల మొదటి ఫిర్యాదు. నిజమే. 2023 ఆగస్టులో హైదరాబాద్ కోకాపేటలో ఎకరం 100.75 కోట్లు పలికింది. అమ్మింది ఏ భూస్వామో కాదు, సర్కారు వారే. వేలంలో పోటీపడి కొన్నది ఎవరయ్యా అంటే, ధర మండిపోతోందని మొత్తుకునే ఈ వర్గమే. అనుమతులు ఆలస్యమైతే వడ్డీ తడిసి మోపెడవుతుందన్నదీ నిజమే. కాకపోతే అనుమతి తొందరగా వచ్చింది కాబట్టి అడుక్కి ఇంత తగ్గించాం అని రాసిన బ్రోచర్ మాత్రం నా కంటబడలేదు.

అసలు కిటుకు జీఎస్టీలో ఉంది. 2019 నుంచి 45 లక్షలు దాటకుండా, హైదరాబాద్ లాంటి మహానగరాల్లో 60 చదరపు మీటర్ల కార్పెట్ ఏరియా మించకుండా ఉంటే అది సామాన్యుడికి అందే ఇల్లు. దానికి పన్ను 1 శాతం, మిగతావాటికి 5 శాతం. ఆ లెక్క పట్టుకుని మొన్న ఓ ప్రాపర్టీ షోకి వెళ్లాను. టై కట్టుకున్న కుర్రాడు ఎదురొచ్చి "బడ్జెట్ ఎంతనుకుంటున్నారు సార్?" అన్నాడు. నలభై ఐదు లక్షలన్నాను. "డౌన్ పేమెంటా సార్?" అని నోట్ చేసుకున్నాడు.

పక్కనే అద్దాల పెట్టెలో నలభై అంతస్తుల నమూనా. ఈతకొలను, ఈతచెట్లు, అగ్గిపుల్లంత మనిషి, వాడి చేతిలో గొలుసు, గొలుసు చివర కుక్క. వాచ్‌మన్ కుటుంబం ఉండే గది ఏదని అడిగాను. "సెల్లార్ మోడల్‌లో కనిపించదు సార్" అన్నాడు, కుక్కను కాస్త సరిచేస్తూ. కట్టే కూలీల రేకుల షెడ్ల సంగతి అడిగి అతణ్ని ఇంకా ఇబ్బంది పెట్టలేదు. పాపం, అతనూ అద్దె ఇంట్లోనే ఉంటూ ఉంటాడు.

45 లక్షలకు ఇల్లు దొరకడం లేదు కాబట్టి ఆ గీతను పైకి జరపమంటున్నారు మన వ్యాపార మేధావులు. సర్కారు లెక్కలో ఏడాదికి 3 లక్షల లోపు రాబడి ఉన్నవాడు ఆర్థికంగా బలహీనుడు, అంటే నెలకు పాతికవేలు. అన్నం మానేసి, బట్టలు మానేసి, అంతా దాస్తే ఇప్పుడున్న గీతను పదిహేనేళ్లకు అందుకుంటాడు. గీత పైకెళ్తే ఇంకొన్నేళ్లు ఆకలికి ఓర్చుకుంటే సరి. ఈలోగా "2022 కల్లా అందరికీ ఇల్లు" అన్న 2015 నాటి మాట కాస్తా 2024లో ఇంకో కోటి పట్టణ ఇళ్లంటూ సాగింది కాబట్టి, సర్కారుకూ తొందరేం లేదు.

నన్నడిగితే ఆ గీతను ఏకంగా మూడు కోట్ల దగ్గర గీసేయాలి. ఒక్క జీవోతో కోకాపేట ఆకాశహర్మ్యాల్లో సగం పేదల కాలనీలైపోతాయి. 1 శాతం పన్ను కట్టి తాళాలు తీసుకున్న ఆ కొత్త పేదలకు మూడో కారు పెట్టుకునే చోటు చాలదు. దాని మీద వచ్చే బడ్జెట్ ముందు వేరే సదస్సు పెడతారు, బఫేతో సహా.