బబుల్ ర్యాప్‌లో మట్టి గణపతి

శ్రావణం వెళ్లి భాద్రపదం వస్తుంటే నగరాల్లో పర్యావరణ స్పృహ పొంగి పొర్లుతుంది. గేటెడ్ కమ్యూనిటీ ముఖద్వారానికి ఇంత పొడుగు ఫ్లెక్సీ వేలాడుతుంది: ‘ఈసారి మన చవితి ప్లాస్టిక్ రహితం’. ఆ ఫ్లెక్సీని దేనితో చేస్తారని అడిగే కుసంస్కారి కాలనీలో ఒక్కడూ ఉండడు. దాని నిండా కమిటీ సభ్యుల ఫొటోలు, ఓ మూల వినాయకుడు.

ఫ్లెక్సీ వెనకే కిట్టు వస్తుంది. చెత్త లేకుండా, పొదుపుగా పండగ చేసుకునేవాళ్ల కోసమట. అట్టపెట్టె తెరిస్తే పైన థర్మోకోల్ ముక్కలు, కింద బబుల్ ర్యాప్, దాన్ని విప్పుకుంటూ పోతే చివరికి జానెడు మట్టి స్వామి. పసుపు ఒక సాచెట్, కుంకుమ ఒక సాచెట్, అక్షింతలు ఇంకో సాచెట్. బియ్యంలో పసుపు కలిపితే అక్షింతలవుతాయన్న విద్య జాతి మరిచిపోయిందని వ్యాపారి ఎప్పుడో కనిపెట్టేశాడు. స్వామి ఇంట కాలు పెట్టిన పుణ్యానికి వాకిట్లో మిగిలేది మాత్రం ఓ బుట్టెడు కవర్లు.

ఇక పత్రి. వ్రతకల్పం చెప్పే 21 పత్రుల్లో ఉత్తరేణి, ఉమ్మెత్త, జిల్లేడు లాంటివి కంచెల పక్కన ఎవరూ నీళ్లు పోయకుండానే బతికేస్తాయి. పిల్లలు పొద్దున్నే గట్ల వెంట తిరిగి సంచి నింపుకొచ్చేవారు, పైసా ఖర్చు లేదు. ఇప్పుడు కాలనీ తోటమాలి పండగకు పదిరోజుల ముందు ఉత్తరేణిని పిచ్చిమొక్కని పీకి, మళ్లీ మొలవకుండా కలుపుమందు కొడతాడు. చవితి నాడు అదే ఉత్తరేణి జిప్ కవర్లో, పది నిమిషాల డెలివరీలో, గుమ్మంలోకి దిగుతుంది. (దేవదారు హిమాలయాల చెట్టు. ఆ పేరు చెప్పి కవర్లో ఏ ఆకు పెట్టారో విఘ్నేశ్వరుడికే ఎరుక.) పాలవెల్లికి వెలక్కాయ, మొక్కజొన్న కంకి కట్టేవారు, పూజయ్యాక తినేవారు. వాటి చోట ప్లాస్టిక్ కాయలొచ్చాయి. ‘ఏటా వాడుకోవచ్చు, పొదుపు కదా’ అంటాడు ఇంటాయన. మరుసటేడు అటక మీద అవి కనపడక కొత్త సెట్టు కొంటాడు.

ప్రభుత్వం ఊరుకోలేదు. అలంకరణకు వాడే థర్మోకోల్‌ను, మిఠాయి డబ్బాల మీద చుట్టే ప్లాస్టిక్ పొరను కూడా 2022 జులై 1 నుంచి నిషేధించింది. మిఠాయి దుకాణాల్లో ఈ సంగతి తెలిసిన డబ్బా ఇంకా తారసపడాల్సే ఉంది. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ విగ్రహాలు వద్దని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020 మార్గదర్శకాల్లో చెప్పింది. 2021లో హుస్సేన్‌సాగర్ నిమజ్జనం సుప్రీంకోర్టు దాకా వెళ్తే, ఆ ఒక్క ఏడాదికే చివరి అవకాశమంటూ కోర్టు అనుమతించింది. ఏటేటా ‘చివరిసారి’ జరుపుకోవడంలో మనకున్నంత అనుభవం ఇంకెవరికీ లేదు.

మట్టి అనగానే చిన్నదని అనుకునే అమాయకులు ఖైరతాబాద్ వెళ్లి చూడాలి. 1954లో ఒక్క అడుగుతో మొదలైన స్వామి 2014 నాటికి 60 అడుగులయ్యాడు. కరోనా ఏడాది 2020లో తొమ్మిది అడుగులకు సర్దుకున్నాడు, భక్తి ఏమీ తగ్గలేదు. 2022లో 50 అడుగుల విగ్రహాన్ని మట్టితో చేశారు, 2024కి మట్టిలోనే 70 అడుగులకు చేరారు. మట్టిదే, కాదనం. లోపల ఇనుప చట్రం, కదలాలంటే ట్రాలీ, నీళ్లలో దిగాలంటే క్రేన్. ఇంతటి పర్యావరణ హితాన్ని మోయడానికి మామూలు బండి చాలదు.

మరోపక్క హెచ్ఎండీఏ, రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి మట్టి గణపతులను ఉచితంగా పంచుతుంటాయి. కాలనీవాళ్లు వాటి జోలికి పోరు. ఊరకే ఇచ్చేది ఆర్గానిక్ ఎలా అవుతుంది?

పొదుపు మాటకొస్తే లడ్డూ ఉండనే ఉంది. బాలాపూర్ లడ్డూ వేలంలో 1994లో 450 రూపాయలకు పోయింది, 2024లో 30 లక్షల వెయ్యికి. అదే ఏడాది బండ్లగూడ విల్లాల లడ్డూ కోటీ 87 లక్షలు పలికింది. ఆ సొమ్ము ఊరి పనులకూ సేవకూ పోతుందంటారు, సంతోషం. చిక్కల్లా దాన్ని చూసి పోటీకి దిగే చిన్న కాలనీలతోనే. పాటలో లక్షలు పలికిన ఉత్సాహంలో ఉన్న కమిటీ ముందు రిటైర్డ్ మాస్టారొకరు లేచి, అన్నదానానికి స్టీలు కంచాలు అద్దెకు తెద్దామంటారు. ‘కడగడానికి మళ్లీ మనుషులు కావాలి, ఖర్చు దండగ మాస్టారూ’ అని కూర్చోబెడతారు. మర్నాడు ఉదయం పందిరి వెనక పేపరు ప్లేట్ల గుట్ట మాస్టారి ఎత్తుకు లేస్తుంది. పేపరే లెండి, లోపలి వైపు తళతళలాడే పొర తప్పిస్తే.

ఈ చైతన్యం చవితితో ఆగదు, దీపావళి దాకా సాగుతుంది. 2018లో సుప్రీంకోర్టు కాలుష్యం తక్కువుండే టపాసులనే అనుమతించాక, సీఎస్ఐఆర్ నీరి శాస్త్రవేత్తలు గ్రీన్ క్రాకర్స్ తయారుచేశారు. మామూలువాటి కంటే ధూళికణాలు సుమారు 30 శాతం తక్కువ. తక్కువంటే అసలు లేవని కాలనీ చదువుకుంది. పొగ తగ్గింది కనుక నిరుడు రెండు పెట్టెలు కాల్చినవాళ్లు ఈసారి మూడు కాల్చినా ఫర్వాలేదని వాట్సాప్ గ్రూపులో తీర్మానించారు. లెక్క కడితే నిరుటి 200 పాళ్ల చోట 210 తేలింది. పెరిగిన ఆ పదీ గ్రీన్ పొగే గనక పద్దులోకి రాదని కోశాధికారి గారు సెలవిచ్చారు. మూడో పెట్టె కొన్నవాళ్లకు గుడ్డ సంచి ఉచితం.