గాంధీ వర్సెస్ గాడ్సే: కేసు వాయిదా

గాంధీనా, గాడ్సేనా అంటే ఇప్పటికిప్పుడు తేల్చి చెప్పలేనని 2024 మార్చిలో, కలకత్తా హైకోర్టు మాజీ జడ్జి, బీజేపీ లోక్‌సభ అభ్యర్థి అభిజిత్ గంగోపాధ్యాయ్ గారు సెలవిచ్చారు. తాను న్యాయ వృత్తిలోంచి వచ్చిన మనిషట. అవతలి పక్షం కథ కూడా తెలుసుకోవాలట. గాడ్సే రాసిందేదో చదివి, గాంధీని చంపేదాకా అతణ్ణి నడిపించిందేమిటో అర్థం చేసుకోవాలట. అందాకా ఇద్దరిలో ఒకరిని ఎంచుకోవడం కుదరదట.

కాంగ్రెస్ నేత జైరాం రమేష్ గారు మండిపడి, ఈయన అభ్యర్థిత్వం వెనక్కి తీసుకోండని బీజేపీని అడిగారు. నాకు మాత్రం ముచ్చటేసింది. సొంత పార్టీ మేనిఫెస్టో తిరగెయ్యకుండానే ఓట్లడిగే ఈ దేశంలో, పుస్తకం చదివాకే నోరు విప్పుతానన్న లోక్‌సభ అభ్యర్థి దొరకడం మాటలా? హత్య జరిగి 76 ఏళ్ళయిందిగా అంటారేమో. తాత వేసిన దావాకి మనవడు పేషీలకు తిరిగే దేశంలో అదొక ఆలస్యమా?

అందుకని ఈ కేసును నేనే ఆయన ముందు పెట్టించాను. కలకత్తా హైకోర్టులో ఆయన కుర్చీ మార్చి 5నే ఖాళీ అయింది గనక, నా ఊహలోనే, ఆయన పోటీకి దిగిన తమ్లూక్‌లో ఒక కోర్టు కట్టాను. ప్రచార రథమే బెంచి. మైకుంది, జెండాలున్నాయి, పూలదండలున్నాయి. నల్ల గౌను ఉండాల్సిన చోట కండువా సర్దుకుని జడ్జిగారు ఆసీనులయ్యారు. బంట్రోతు గొంతు సవరించుకున్నాడు.

"మోహన్‌దాస్ కరంచంద్ గాంధీ! మోహన్‌దాస్ కరంచంద్ గాంధీ! మోహన్‌దాస్ కరంచంద్ గాంధీ!"

ఎవరూ పలకలేదు.

"వాది హాజరు కాలేదయ్యా," అన్నాడు ముసలి బెంచి క్లర్కు.

"కారణం?"

"చనిపోయారండి."

"ఎలా?"

"ప్రతివాది కాల్చి చంపాడండి."

"అది నీ అభిప్రాయం. మూడుసార్లు పిలిచినా వాది రాలేదని మాత్రం రాసుకో. ప్రతివాది?"

"ఆయనా రాలేదండి. కానీ ఆయన తరఫున వకాల్తా పట్టుకుని బయట పెద్ద క్యూ ఉందండి."

జడ్జిగారి ముఖం వికసించింది. అవతలి పక్షం అంటే ఇదీ! క్లర్కు మాత్రం కదల్లేదు. పాతకాలపు మనిషి, రికార్డు రూములో దుమ్ము తిని పెరిగినవాడు. ఎర్ర గుడ్డలో కట్టిన మూట ఒకటి తెచ్చి బల్లమీద పెట్టాడు.

"అయ్యా, ఇది తేలిపోయిన కేసండి. 1948లో ఎర్రకోటలో ప్రత్యేక కోర్టు పెట్టి విచారించారు. జడ్జి ఆత్మచరణ్ గారు. 1949 ఫిబ్రవరి 10న తీర్పు."

"అవతలి పక్షం విన్నారా?"

"విన్నారండి. 1948 నవంబరులో గాడ్సే కోర్టులో నిలబడి తన వాంగ్మూలం గంటల తరబడి చదివాడండి. కాల్చింది తానేనన్నాడు, ఎందుకు కాల్చాడో కూడా చెప్పుకున్నాడు. జడ్జిగారు చదవనిచ్చారు. విన్నారు. ఉరిశిక్ష వేశారు."

"అప్పీలు?"

"సిమ్లాలో తూర్పు పంజాబ్ హైకోర్టు, ముగ్గురు జడ్జీల బెంచి. తన వాదన తానే వినిపించుకున్నాడండి. కుట్ర జరగలేదన్నాడే గానీ, హత్యకు పడ్డ శిక్ష మీద అసలు అప్పీలే చేసుకోలేదు. వాళ్ళూ విన్నారు. 1949 నవంబరు 15న అంబాలా జైల్లో ఉరి అమలైంది."

"ఆ నలుగురు జడ్జీలు వింటే ఈ కోర్టు విన్నట్టా? ప్రతివాది రాసిన పుస్తకమేదో తెప్పించు. చదవాలి."

"అర్ధరాత్రిలోగా తెప్పిస్తానండి. తమకు అలవాటేగా!"

జడ్జిగారు కనుబొమలు ముడిచారు. 2023 ఏప్రిల్ 28 సంగతి క్లర్కు మరిచిపోలేదు. విచారణలో ఉన్న కేసు గురించి టీవీలో మాట్లాడారని సుప్రీంకోర్టు ఆ కేసును ఆయన దగ్గర్నుంచి తీసెయ్యమంటే, తన ఇంటర్వ్యూకు చేసిన తర్జుమా, దానికి సంబంధించిన కాగితాలు ఆ రాత్రి పన్నెండులోగా తనముందు ఉండాలని సుప్రీంకోర్టు సెక్రటరీ జనరల్‌కే హుకుం వేశారు ఈయన. సుప్రీంకోర్టు ఆ రాత్రే ప్రత్యేకంగా కూర్చుని స్టే ఇవ్వాల్సి వచ్చింది. అలా కూర్చున్న ఇద్దరిలో ఒకరు మన తెలంగాణ హైకోర్టుకు ప్రధాన న్యాయమూర్తిగా చేసి వెళ్ళిన హిమా కోహ్లీ గారు. తన గురించిన కాగితాలైతే ఆ పూటే చదవాలి. గాడ్సే కాగితాలకు 76 ఏళ్ళూ చాలవు.

విచారణ ముందుకు సాగింది. 1948 జనవరి 30న వాది ప్రార్థనకు కొన్ని నిమిషాలు ఆలస్యంగా వచ్చాడని రికార్డులో ఉంది. సర్దార్ పటేల్‌తో మాట్లాడుతూ ఉండిపోయాడట. జడ్జిగారు దాన్ని ఎర్ర సిరాతో గీశారు. అంతసేపు ప్రతివాదిని ఎదురుచూడబెట్టినందుకు వాది ఖర్చులు కట్టాలా అనేది ఒక అంశం. ఎదురొచ్చి నమస్కారం పెట్టిన ప్రతివాదికి వాది తిరిగి నమస్కారం పెట్టే లోపే తూటాలు పేలాయా, పెట్టాక పేలాయా అనేది మరో అంశం. మూడు తూటాలకూ విడివిడిగా నోటీసులు పంపాలని ఉత్తర్వు.

"అయ్యా, ఇంకొకటి. వాది పాత ముద్దాయేనండి," అన్నాడు క్లర్కు.

జడ్జిగారు నిటారుగా కూర్చున్నారు. "చూశావా! అందుకే చదవాలంటాను. ఏం కేసు?"

"రాజద్రోహమండి. 1922 మార్చి 18, అహ్మదాబాద్. 102 ఏళ్ళు దాటాయి. జడ్జి బ్రూమ్‌ఫీల్డ్ దొర. వాది నేరం ఒప్పుకున్నాడు. ఆరేళ్ళు వేశారు."

"అయితే ఆ జడ్జికి స్పష్టత ఉందన్నమాట."

"ఉందండి. తాను ఇంతవరకు విచారించినవాళ్ళలో, ఇకముందు విచారించబోయేవాళ్ళలో ఇలాంటి మనిషి లేడని తీర్పులోనే చెప్పాడు. ప్రభుత్వం శిక్ష తగ్గిస్తే తనకంటే సంతోషించేవాడు ఉండడనీ అన్నాడు. జీతమిచ్చేది బ్రిటిష్ ప్రభువు, ఎదుట నిలబడింది ఆ ప్రభువుకు పక్కలో బల్లెం. అయినా గాంధీ ఎవరో తెలుసుకోడానికి దొరకు వాయిదా అక్కర్లేకపోయిందండి. ఒక్క పేషీలో తేల్చేశాడు."

"ఆ కేసులో వాది కోర్టును ఏమైనా కోరాడా?"

"కోరాడండి. నీకు ఈ చట్టం చెడ్డదనిపిస్తే రాజీనామా చెయ్యి, మంచిదనిపిస్తే నాకు పెద్ద శిక్ష వెయ్యి, రెండే దారులు అన్నాడు."

జడ్జిగారు ప్రచార రథం మీదే లేచి నిలబడ్డారు. "రాజీనామా చెయ్యమన్నాడా! చూశారా, గాంధీ మాట విన్న జడ్జిని నేనొక్కణ్ణే!" జనంలో చప్పట్లు. చెడుకు దూరం కావడానికి రాజీనామా చెయ్యమన్నాడండి, టికెట్టుకు దగ్గర కావడానికి కాదు అని క్లర్కు గొణిగాడు గానీ మైకు అతని దగ్గర లేదు.

ఇక సాక్షులు. తమ్లూక్ నియోజకవర్గం గనక మొదటి సాక్షి స్థానికురాలే. మాతంగినీ హజ్రా. పేద రైతుబిడ్డ, చిన్న వయసులోనే వితంతువైంది. ఖాదీ కట్టి రాట్నం తిప్పేది, ఉప్పు చేసి అరెస్టయింది. చుట్టుపక్కల ఊళ్ళు ఆమెను గాంధీ బుడీ అని పిలిచేవి. అంటే గాంధీ ముసలమ్మ. 1942 సెప్టెంబరు 29న, డెబ్బై దాటిన వయసులో, ఇదే తమ్లూక్‌లో జెండా పట్టుకుని ఊరేగింపు ముందు నడుస్తుంటే పోలీసులు కాల్చి చంపారు. ఆ ఏడాది డిసెంబరులో ఈ ప్రాంతమే తామ్రలిప్త జాతీయ సర్కారని సొంత ప్రభుత్వం పెట్టుకుని, బ్రిటిష్ వాళ్ళ కళ్ళెదుటే 1944 దాకా నడిపింది. దాన్ని ఎత్తేసింది కూడా పోలీసులకు భయపడి కాదు, గాంధీ చెప్పాడని.

"కాల్చిన పోలీసుల పక్షం విన్నారా?" అన్నారు జడ్జిగారు.

కోర్టు ఇంతటితో ముగిసింది. ఇంకో పేషీ నడపడం నా వల్ల కాదు.

అయ్యా గంగోపాధ్యాయ్ గారూ, అవతలి పక్షం వినడమనేది న్యాయానికి ప్రాణం. తీర్పు చెప్పేముందు వినాలి, విన్నాక చెప్పాలి, చెప్పాక తలవంచాలి. తేలిపోయిన కేసును మళ్ళీ తోడకూడదని లా కాలేజీ మొదటి ఏడాది కుర్రాడికి తెలుసు. గాడ్సే పక్షం మన దేశం రెండు కోర్టుల్లో, బాహాటంగా, అతని నోటితోనే విన్నది. తాను చంపిన మనిషికి అతను ఇవ్వని అవకాశం అది. గాంధీకి గోడు చెప్పుకునే వ్యవధి దొరకలేదు. ఇన్నేళ్ళ తర్వాత, అదీ న్యాయమూర్తిగా చేసిన మనిషి, ఇంకా వినాల్సింది ఉందంటే అది నిష్పాక్షికత కాదు. ఎన్నికల వేళ ఎవరి చెవినో చల్లగా పడాలని అన్న మాట అది. న్యాయశాస్త్రాన్ని దానికి ముసుగుగా వాడుకోవద్దు.

గాంధీ, గాడ్సేల మధ్య ఎంచుకోడానికి మీకు ఇన్నేళ్ళు సరిపోలేదు. కోర్టుకీ పార్టీకీ మధ్య ఎంచుకోడానికి వారం సరిపోయింది. నేను బీజేపీని సంప్రదించాను, బీజేపీ నన్ను సంప్రదించింది, ఆ ఏడు రోజులూ సెలవులో ఉన్నాను అన్నది మీరే. సెలవు పెట్టిన జడ్జి జడ్జి కాకుండా పోతాడా? ఆ వారంలో మీకు జీతమిచ్చింది ఎవరు? అప్పటికింకా మీ పేరు ముందు జస్టిస్ ఉందా లేదా? మార్చి 5న రాజీనామా, 7న కండువా, 24న టికెట్టు. ఈ మూడు పేషీలకు ఒక్క వాయిదా కూడా అడగలేదే మీరు!

ఇది మీతో పుట్టిన జబ్బు కాదు, మీ పార్టీ ఒక్కదానిదీ కాదు. 1967లో మన రాజమండ్రి బిడ్డ కోకా సుబ్బారావు గారు భారత ప్రధాన న్యాయమూర్తి పదవి వదిలి నేరుగా రాష్ట్రపతి ఎన్నికలో ప్రతిపక్షాల అభ్యర్థి అయ్యారు. 1983లో బహరుల్ ఇస్లాం గారు సుప్రీంకోర్టు వదిలి కాంగ్రెస్ పంచన చేరారు. హైకోర్టు జడ్జి దిగిపోయాక అదే కోర్టులో వకీలుగా వాదించకూడదని రాజ్యాంగం 220వ అధికరణంలో గీత గీసింది. ఫీజు కోసం ఆ గుమ్మం ఎక్కకూడదు. ఓటు కోసం మాత్రం ఆ గుమ్మం దిగీదిగగానే జీపెక్కొచ్చు. కొన్నేళ్ళు ఆగాలని ఒక్క వాక్యం చట్టం చెయ్యడానికి ఏ పార్టీకీ చేతులు రాలేదు. రేపు తమకూ ఒక జడ్జి కావాల్సి రావచ్చుగా!

నా కోపం అసలు గాడ్సే గురించి కూడా కాదు. బెంగాల్లో 2016 నాటి టీచర్ల పరీక్ష రాసి, డబ్బు కట్టినవాళ్ళు ఉద్యోగాలు పట్టుకుపోతే రోడ్డున పడ్డ పిల్లల గురించి. ఆ దొంగతనం నిజం. సీబీఐ విచారణకు ఆదేశించింది మీరే. ఒక మంత్రి కూతురి టీచరు ఉద్యోగం రద్దుచేసి, తీసుకున్న జీతం తిరిగి కట్టమన్నది మీరే. 2022 జూలైలో బెంగాల్ మాజీ విద్యామంత్రి పార్థ ఛటర్జీని ఈడీ అరెస్టు చేసినప్పుడు ఆయన సన్నిహితురాలి ఫ్లాట్లలో కోట్ల కొద్దీ నోట్లు బయటపడ్డాయి. ఆ పిల్లలు మిమ్మల్ని దేవుడన్నారు. కండువా కప్పుకుని ఆ దొంగలందరికీ మీరు ఉచితంగా ఒక వాదన రాసిచ్చారు. ఆ జడ్జి మొదట్నుంచీ బీజేపీ మనిషే, ఆ ఉత్తర్వులన్నీ రాజకీయమే అని తృణమూల్ వాళ్ళు ఊరూరా చెప్పుకు తిరిగారు. మీ తీర్పు సరైనదే అయినా, మీ కండువా దాని మీద పడ్డాక నమ్మమని ఎవరికి చెప్పగలం?

ఆ పిల్లలు వెయ్యి రోజులు దాటి ధర్నా చేసింది ఎక్కడో మీకు తెలుసు. కలకత్తా మేయో రోడ్డులో, గాంధీ విగ్రహం దగ్గర. గాడ్సే ఏం రాశాడో చదివి వచ్చి కూర్చోలేదు వాళ్ళు. లంచం ఇవ్వలేనివాడికి, అన్యాయం జరిగినా రాయి పట్టుకోనివాడికి ఈ దేశంలో కూర్చోడానికి ఎక్కడ చోటుందో వాళ్ళకు చదవకుండానే తెలుసు. మీకు తెలియకపోతే అది మీ చదువు లోపం కాదు. ఓటు అడగడానికి వెళ్ళండి, అది మీ హక్కు. కానీ జడ్జిననీ, నిష్పక్షపాతిననీ చెప్పుకుని మాత్రం అడగొద్దు. ఆ పిల్లల కేసుకు ఆ మాట పరువు కావాలి.