పారబోసిన పొల్లు

జపాన్ ఈశాన్యాన ఒక బడి ఆవరణలో అయిదు మీటర్ల స్టీలు స్తంభం ఉంది. దాని కడుపులో ఉండేదాన్ని నేను. జీపీఎస్ రిసీవర్‌ని. పిల్లలు మా స్తంభాన్ని లైటు పోయిన దీపస్తంభమనుకునేవారు. కాకులు ఏమీ అనుకోకుండా వాలేవి. దేశమంతటా మావాళ్లు 1,200 మందికి పైనే.

పుట్టుక సంగతి వదిలేయండి, ఫ్యాక్టరీలో అందరం ఒకలాగే పుడతాం. 20,200 కిలోమీటర్ల ఎత్తు నుంచి ఉపగ్రహాలు పంపే రెండు తరంగాలను వినడం నా పని. ఒకటి 1575.42 మెగాహెర్ట్జ్, రెండోది 1227.60. దారిలో, పైగాలిలోని అయనోస్ఫియర్ అనే పొరలో ఉండే ఎలక్ట్రాన్లు రెండింటినీ తడబెడతాయి, రెండోదాన్ని కాస్త ఎక్కువగా. ఆ తేడా పట్టుకుని తడబాటు తీసేస్తే, నేల ఎక్కడుందో తేలుతుంది. సర్వేవాళ్లకు ఆ గింజ చాలు. తడబాటును పొల్లులా చెరిగి పారబోసేవారు. పైగా దానికి 'దోషం' అని పేరు! మోసుకొచ్చినదాన్ని నేను, నాకు బాధ ఉండదా?

ఆ పొల్లు ఏరుకునేవాళ్లూ కొందరున్నారు. 1994లో కాలిఫోర్నియాలోని నార్త్‌రిడ్జ్ కంపించాక, అందులోనే వాళ్లకొక అల దొరికిందట.

2011 మార్చి 11, మధ్యాహ్నం 2:46. భూమి కంపించింది. సముద్రం ఒక్కసారిగా లేచి పైనున్న గాలిని తోసింది. పైకి పోయేకొద్దీ గాలి పలచన, ఊపు ఎక్కువ. సుమారు పది నిమిషాలకు ఆ తోపు మూడొందల కిలోమీటర్ల ఎత్తుకు చేరి ఎలక్ట్రాన్లను ఊపేసింది. నా చెవిలో ఉపగ్రహాల మాట తొణికింది. కానీ ఆ రోజు ఆ మాట ఎవరికి కావాలి? ఓషికా ద్వీపకల్పంలో మావాడు అయిదు మీటర్లకు పైగా తూర్పువైపు జరిగిపోయాడు. ఊళ్లే కొట్టుకుపోయాయి.

తర్వాత హొక్కైడో విశ్వవిద్యాలయం నుంచి కోసుకే హేకి మా పొల్లు తిరగేశారు. కంపానికి 40 నిమిషాల ముందే ఎలక్ట్రాన్లు పెరిగాయన్నారు. ఉబ్బిపోయాను. అంతలో ఇంకొందరు అడ్డొచ్చారు: కంపం తర్వాత ఎలక్ట్రాన్లు తగ్గాయి, ఆ తగ్గినదాన్ని కలుపుకుని గీత గీస్తే ముందువి పెరిగినట్టు కనబడవా అని. ఆ వాదం ఇంకా నడుస్తోంది. నన్నడిగితే, విన్నది విన్నట్టు రాశాను. సూర్యుడు చిరాకుపడ్డా ఉపగ్రహాల మాట అలాగే తడబడుతుంది మరి.

కొన్నేళ్లకు నా చోట కొత్తవాణ్ని పెట్టారు. వాడికి మరిన్ని ఉపగ్రహాలు వినపడతాయి. నన్ను మాత్రం స్టోర్‌రూమ్ అరలో, పాత కేబుళ్ల పక్కన పడేశారు. యాంటెన్నా ఊడదీశారు. పైకప్పు రేకుది, ఆకాశం ఊసే లేదు. ఇప్పుడు భూమి కదిలితే నాకూ అందరిలాగే, అర ఊగాకే తెలుస్తుంది.