అయిదుకి బొజ్జ లేదు

నాకు బొమ్మలు గీయడం రాదు. సున్నా చుట్టమన్నా దోసకాయలా తేలుతుంది. అలాంటివాణ్ణి మా అమ్మాయి అయిదో పుట్టినరోజు కార్డుకి అంకె నేనే చేస్తానని ముందుకు దూకడానికి కారణం ఒక్కటే: వంకర గీతల్ని వెలివేసిన కళా ఉద్యమం ఒకటుందని తెలిసింది.

దాని పేరు డి స్టైల్. 1917లో నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో థియో వాన్ డూస్‌బర్గ్ మొదలుపెట్టిన పత్రిక పేరే ఉద్యమానికీ స్థిరపడింది. నిలువు గీతలు, అడ్డగీతలు, ఎరుపు, పసుపు, నీలం, తోడుగా నలుపు, తెలుపు, బూడిద. అంతే సరుకు. అందులో అందరికీ తెలిసిన పేరు పీట్ మాండ్రియాన్. చేతకానితనానికి ఇంత మర్యాదైన ముసుగు ఇంకెక్కడా దొరకదనిపించింది. పైకి మాత్రం "ఆధునికం" అన్నాను.

డూస్‌బర్గ్ 1919లో ఓ అక్షరమాల చేశాడు. ఒక్కో అక్షరానికీ ఆధారం 25 గళ్ల చదరం. నేనూ ల్యాప్‌టాప్‌లో అన్నే గళ్లు వేసి ఒకటి, మూడు, అయిదు వరసలు నల్లగా నింపాను. రెండో వరసలో ఎడమ కొస గడి, నాలుగో వరసలో కుడి కొస గడి. అయిదు తయారు!

మా అత్తగారు కళ్లజోడు సవరించుకుని, "దీనికి బొజ్జ ఏది బాబూ?" అన్నారు.

"ఈ సిద్ధాంతంలో బొజ్జకి చోటు లేదండీ" అన్నాను.

"ఆ సిద్ధాంతమేదో ముందు మీరు పాటించండి" అంది మా ఆవిడ వంటింట్లోంచి.

వినపడనట్టు రంగుల పనిలో పడ్డాను. నాలుగో వరసలో ఎడమ కొసన ఎర్ర గడి పెడితే కన్నుల పండగ్గా ఉంది. అత్తగారు మళ్లీ చూసి, "పిల్లకి అప్పుడే ఆరొచ్చాయా?" అన్నారు. నిజమే. అయిదుకి కింది సందు మూస్తే ఆరు, పై సందు మూస్తే తొమ్మిది, రెండూ మూస్తే ఎనిమిది. లిఫ్టులో వెలిగే ఏడు ముక్కల అంకెల కిటుకూ ఇదే. అయిదుని అయిదుగా నిలబెట్టేవి నింపిన గళ్లు కాదు, వదిలేసిన ఆ రెండు సందులే. ఈ సంగతి ఆవిడ చెప్పకముందే నాకు తెలిసినట్టు ఆవిడకే పాఠం మొదలుపెట్టాను. మధ్యలో కునుకు తీశారు.

అమ్మాయికి ఆకుపచ్చ కావాలట. మాండ్రియాన్‌కి ఆ రంగు గిట్టదనీ, పారిస్‌లో తన స్టూడియోలో ఉన్న కృత్రిమ ట్యూలిప్ ఆకుకి సైతం తెల్లరంగు పూశాడని చెబుతారనీ వివరించాను.

"ఇంట్లో ఎవరూ తిట్టలేదా నాన్నా?"

ఆయన పెళ్లి చేసుకోలేదు. సిద్ధాంతం అంత గట్టిగా ఎలా నిలబడిందో అప్పుడర్థమైంది.

అది ల్యాప్‌టాప్ లాక్కుని అంకెకి పచ్చరంగు కొట్టి, పక్కకి వాల్చేసి, "డాన్సు చేస్తోంది!" అంది. డూస్‌బర్గూ 1924 ప్రాంతంలో చిత్రాల్లోకి ఏటవాలు గీతలు తెచ్చాడు. ఆ తర్వాత మాండ్రియాన్ ఉద్యమంలోంచి తప్పుకున్నాడు. నాకా సౌకర్యం లేదు; బెలూన్లు ఊదాల్సింది నేనే.

కార్డు అలాగే వెళ్లింది. చుట్టాలు ఫోన్ చేసి మరీ మెచ్చుకుంటున్నారు. ఆ అయిదు ఎవరు చేశారని అడిగితే, నేనేనంటున్నాను.