జడ్జిగారు టిఫిన్ చేశారా?

ఆకలి రుచి ఎరుగదని మన పెద్దలన్నారు. చట్టాన్ని కూడా ఎరుగదని 2011లో పరిశోధకులు తేల్చారు. ఇజ్రాయెల్‌లో ఎనిమిది మంది జడ్జీలు ఖైదీల పెరోల్ దరఖాస్తుల మీద ఇచ్చిన 1,112 తీర్పులను వాళ్లు వరసగా పేర్చి చూశారు. విడత మొదట్లో సుమారు 65 శాతం మందికి ఊరట దక్కింది. విరామం దగ్గరపడేకొద్దీ అది ఇంచుమించు సున్నాకు జారింది. జడ్జిగారు ఏదో కాస్త తినొచ్చి కూర్చోగానే మళ్లీ 65!

ఇంకేం, వ్యక్తిత్వ వికాస వక్తలకు పండగే పండగ. కడుపు నిండితే కరుణ, ఎండితే కారాగారం అని ఊరూరా చెప్పేశారు. అలాగైతే లా కాలేజీలు దేనికి? వకాల్తాకు పులిహోర పొట్లం జతచేస్తే సరిపోదూ! అప్పీలులో కొత్త గ్రౌండు కూడా రాసుకోవచ్చు: "కింది కోర్టువారు ఆ పూట ఉప్మా ముట్టలేదు గనుక తీర్పు చెల్లదు."

అదే ఏడాది కెరెన్ వైన్‌షాల్-మార్గెల్, జాన్ షపార్డ్ అనే ఇద్దరు జడ్జిగారి పళ్లెం జోలికి పోకుండా కేసుల జాబితా తిరగేశారు. అక్కడ ఒక జైలు కేసులు ముగించి విరామం తీసుకోవడం ఆనవాయితీ. ఆ వరసలో లాయరు లేని ఖైదీ వంతు ఎక్కువగా చివర్లోనే వస్తుంది. అతనికి పెరోల్ దొరికే ఆశ ఏ వేళైనా తక్కువే. లాయర్ల సంగతి లెక్కలో కలిపినా తేడా నిలిచే ఉందని మొదటివారు బదులిచ్చారు. 2016లో ఆండ్రియాస్ గ్లోక్నర్ ఇంకో మెలిక పెట్టాడు. పెరోల్ ఇవ్వడానికి సగటున ఏడు నిమిషాల పైన, తోసిపుచ్చడానికి ఐదు నిమిషాల పైన పడుతోంది. విరామం ముంగిట పెద్ద కేసు ఎత్తుకోకపోతే చాలు, ఎవరి కడుపూ మాడకుండానే ఆ అంకెలు కొంత పడిపోతాయి.

ఇంత వాదం నడిచినా వేదికల మీద ఆకలి కథే నడుస్తోంది. అది చవక కథ మరి. జడ్జిగారికి రెండు బిస్కెట్లు పెడితే న్యాయ సంస్కరణ పూర్తయినట్టే. ప్రతి ఖైదీకీ లాయరును పెట్టాలంటే ఖజానా తెరవాలి. జడ్జీలకు అలసట, విసుగు, ఇష్టాయిష్టాలు ఉండవని ఎవరూ అనరు. వాటి చాటున వ్యవస్థ పాపం దాచడమే దొంగతనం. ఈసారి ఎవరైనా ఆ 65 శాతం అంకెల గ్రాఫు మీ ముందు పెడితే, అందులో లాయరు లేనివాళ్లెందరో, వాళ్లనెప్పుడు పిలిచారో ముందు అడగండి.